అడగక్కర్లేని పుస్తకం

మా దీవుల్లో ఊరికే ఎవరింటికీ ఎవరూ వెళ్ళరు. ఏదో ఒకటి అడగడానికి వెళ్తారు. రంపం ఒక పూటకి ఇస్తావా అని, రొట్టెకి పులిసిన పిండి ఉందా అని, ఏమీ తోచకపోతే రేపు గాలి ఎటునుంచి కొడుతుందని. అడిగే వస్తువు తమ ఇంట్లో ఉన్నా సరే, అడుగుతారు. అదొక వంక. ఆ వంకన పొయ్యి పక్క బల్ల మీద చతికిలబడి గొట్టంతో మాతే కషాయం పీలుస్తూ, ఎవరి ఆవు ఈనిందో, ఎవరి కొడుకు సాల్మన్ చేపల కంపెనీలో పని మానేశాడో అన్నీ చెప్పుకుని, వెళ్ళేటప్పుడు రంపం మర్చిపోయి వెళ్తారు. చెక్క ఇంటిని ఇంకో చోటికి కదపాలన్నా అంతే. కింద దుంగలు పెట్టి, ఎడ్లు కట్టి, ఇంటికి ఇల్లే కొండ ఇవతలికి లాగాలంటే యజమాని గడప గడపకీ వెళ్ళి, టోపీ తీసి, "వేడుకోడానికి వచ్చాను" అనాలి. అలా వేడుకుంటే కాదనేవాడు లేడు. వేడుకోకుండా వచ్చేవాడూ లేడు. పిలవని పేరంటానికైనా వెళ్ళొచ్చు గాని పిలవని పనికి వెళ్ళకూడదని మా వాళ్ళ పట్టుదల.

ఇదంతా దెల్మీరా చిగ్వాయ్‌కి తెలియనిది కాదు. పుల్కాయ్ దీవిలో పుట్టింది, పుల్కాయ్ బడిలో అక్షరాలు దిద్దింది, కాస్త్రో పట్నంలో చదువుకుని తిరిగొచ్చి ఆ బడికే టీచరయింది. ఒకటే గది, ఒకటే పొయ్యి, ఒక్కతే టీచరు. తెలిసి తెలిసి ఆ మనిషే తన పుస్తకం మొదటి పేజీలో ఇలా రాసుకుంది: "దీన్ని తీసుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి నన్ను అడగక్కర్లేదు."

పుస్తకం పేరు 'సముద్రం వెనక్కి పోతే'. మా దగ్గర ఆటు వేళ నీళ్ళు ఎంత దూరం పోతాయంటే, పొద్దున పడవ కట్టిన చోట మధ్యాహ్నం పందులు తిరుగుతాయి. అలా బయటపడ్డ ఒడ్డు మీదికి పిల్లల్ని తీసుకెళ్ళి చెప్పే పాఠాలన్నీ అందులో ఉన్నాయి. గుల్లలు ఏరుతూ లెక్కలు, నీడలు కొలుస్తూ కోణాలు, పీత వెనకాల నడుస్తూ జీవశాస్త్రం. రాజధాని నుంచి వచ్చే పుస్తకాల్లో రైలుబళ్ళ లెక్కలుండేవి. పుల్కాయ్ పిల్లలు రైలుని చూసిన పాపాన పోలేదు. అందుకని ఏళ్ళ తరబడి దెల్మీరా తన పాఠాలు తనే రాసుకుంది, బొమ్మలూ తనే వేసుకుంది. బొమ్మలు బావుండవు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

కాస్త్రోలో ఒకసారి టీచర్లందరికీ కంప్యూటర్ తరగతి పెట్టారు. అక్కడ అమారో అని గుండ్రటి కళ్ళద్దాల కుర్రాడు ఈ స్వేచ్ఛా లైసెన్సుల సంగతి చెప్పాడు. మీ పాఠం మీదే, కానీ దాన్ని లోకం ఎంతవరకు వాడుకోవచ్చో మీరే తేల్చి చెప్పొచ్చు, ఇదిగో ఈ గడుల్లో టిక్కు పెట్టండి అన్నాడు. మిగతా టీచర్లు ఒక టిక్కు పెట్టాలా రెండు పెట్టాలా అని తర్జనభర్జన పడుతుంటే దెల్మీరా అన్నిటికన్నా ఉదారమైనది ఎంచుకుంది. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా మార్చొచ్చు. మార్చినవాళ్ళు కూడా దాన్ని అలాగే తెరిచి ఉంచాలి. దాని మీద పని చేసిన వాళ్ళ పేర్లు మాత్రం తీసెయ్యకూడదు.

"మార్చుకోవచ్చు అన్నది కూడానా మేడమ్? ఎవడో వచ్చి ఏదో చేసేస్తాడు," అన్నాడు అమారో.

"చెయ్యనీ నాయనా. చేసిందేదో నేనూ చూస్తాను," అంది దెల్మీరా.

చూస్తాననే అనుకుంది పిచ్చిది. పుస్తకం వెబ్‌లో పెట్టి, ఎవరో ఒకరు రాస్తారని, ఈ పీత బొమ్మేంటి టీచరమ్మా ఇలా ఏడిచిందని ఒకరైనా అడుగుతారని ఎదురుచూసింది. ఆ మరుసటి ఏడు బడి మూతపడింది. మూసినవాళ్ళని అనడానికేం లేదు. మిగిలింది ఇద్దరు పిల్లలు, అక్కాతమ్ముళ్ళు. వాళ్ళమ్మకి చేపల ఫ్యాక్టరీలో పని దొరికి ముగ్గురూ కాస్త్రో వెళ్ళిపోయారు. బడి తాళంచెవి తిరిగిమ్మని ఎవరూ అడగలేదు. గోడకున్న ఇంటర్నెట్ గొడుగుని విప్పుకుపోవడానికీ ఎవరూ రాలేదు. దెల్మీరా బడి పక్కనే టీచరు ఇంట్లో ఉండిపోయింది. దీవిలో ఇంకా పొగ లేచే ఇళ్ళు అవతలి కొసన ఉన్నాయి, మధ్యలో బురద దారి, అక్కడున్నవాళ్ళు ఆమె కన్నా ముసలివాళ్ళు.

రోజూ పొద్దున్నే బడిలోకి వెళ్ళి పొయ్యి రాజేసి కంప్యూటర్ తెరిచేది. పుస్తకాన్ని ఎందరు తీసుకున్నారో చెప్పే అంకె ఒకటి అక్కడ కనిపించేది. ఆ అంకె పెరుగుతుండేది. మొదట్లో చూసి మురిసిపోయింది. పోనుపోను దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. అంకె తలుపు తట్టదు. అంకె బల్ల మీద కూర్చుని మాతే తాగదు. ఉత్తరాల పెట్టె తెరిస్తే ఎప్పుడూ ఖాళీ, ఉలుకూ పలుకూ లేదు. ఆమెకి ఒంటరిగా ఉంది. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. అయినా చేతులు ఊరుకోక పుస్తకానికి రెండో భాగం రాసింది, శీతాకాలపు పాఠాలు. వర్షం ఎలా కొలవాలో, పొయ్యిలో ఏ కట్టె ఎంతసేపు మండుతుందో, అలాంటివి.

అప్పుడే ఒక రోజు పడవ నడిపే ఎరిబెర్తో పిండి బస్తా దింపుతూ ఆ కబురు మోసుకొచ్చాడు. ఎరిబెర్తో ఆమె దగ్గర చదువుకున్నవాడే. చదువు అబ్బలేదు గాని నోరు బాగా అబ్బింది.

"టీచరమ్మా, మీరు పెద్దవాళ్ళయిపోయారండోయ్."

"ముసలిదాన్నయ్యానని ముఖం మీదే చెప్పడానికి ఇంత దూరం వచ్చావా?"

"అది కాదండీ. అవెల్యావ్ దీవిలో ఆగానా, బడిపిల్లలంతా ఒడ్డున ఉన్నారు. ప్రతి ఒక్కరి చేతిలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాయితాలు. ఏంటా అని చూద్దును గదా, మీ పీత! ఆ వంకరకాళ్ళ పీతని ఎక్కడున్నా గుర్తుపడతాను. అంత దరిద్రంగా ఇంకెవరు గీస్తారండీ?"

దెల్మీరా చేతిలో చెంచా ఆగిపోయింది. సంతోషంతో దాన్ని అక్కడే పడేసి అతని ముందుకి వచ్చింది.

"నిజంగా నాదేనా? ఏ పాఠం చేస్తున్నారు?"

"నాకేం తెలుసండీ, గుల్లలు లెక్కపెడుతున్నారు. వాళ్ళ టీచరు చిన్నపిల్ల, మరీసెల్ అంట. చలాకీ అమ్మాయి. వచ్చి ఏడాది దాటిందంట, అప్పట్నించీ మీ పుస్తకమేనంట."

"ఏడాదా?" అంది దెల్మీరా. "నా గురించి ఏమైనా అడిగిందా?"

"లేదే."

"నువ్వు ఇటే వస్తున్నావని చెప్పలేదా?"

"చెప్పాను. వాన రాకముందే వెళ్ళండి అంది."

పక్క దీవి. కంటికి కనపడే దీవి. ఆకాశం తేటగా ఉన్న రోజు వాళ్ళ చర్చి గోపురం ఇక్కడికి కనిపిస్తుంది. ఏడాదిగా తన పుస్తకం పట్టుకు తిరుగుతూ ఒక్క మాట రాయలేదు, ఒక్కసారి పడవెక్కలేదు. ఇందాకటి సంతోషమంతా ఆమెకి ముల్లయి గుచ్చుకుంది.

"మర్యాద తెలియని పిల్ల," అంది.

ఎరిబెర్తో బస్తా గోడకి ఆనించి నడుం పట్టుకున్నాడు. "అడగందే అమ్మైనా పెట్టదంటారు టీచరమ్మా. మీరేమో అడక్కుండానే పెట్టేశారు. ఇంక మిమ్మల్ని ఎవరు అడుగుతారు? పైగా అడగక్కర్లేదని రాసి మరీ పెట్టారంట. తలుపు తీసి పెట్టి, తట్టలేదని ఏడుస్తారేంటి?"

"ఏడవట్లేదు. పొగ. ఆ కట్టెలు తడిసినవి తెచ్చావు."

అతను మాతే కూడా తాగకుండా వెళ్ళిపోయాడు, నీళ్ళు తగ్గిపోతున్నాయని.

మర్నాడు దెల్మీరా కాస్త్రోకి, అమారోకి ఫోను చేసింది. రెండో భాగం రాశానని చెప్పి, ఇచ్చిన లైసెన్సు వెనక్కి తీసుకోవచ్చా అని అడిగింది. అలా కుదరదన్నాడు అతను. తీసుకున్నవాళ్ళ దగ్గరున్నది ఎప్పటికీ స్వేచ్ఛగానే ఉంటుంది. "కానీ రెండో భాగం ఇంకా బయట పెట్టలేదు కదా మేడమ్? దానికి మీ ఇష్టం. రచయిత అనుమతి తీసుకోవాలి అని పెట్టండి. అప్పుడు కావాలనుకున్న ప్రతివాళ్ళూ మీకు రాసి తీరాలి."

"రాసి తీరాలా?"

"రాయకపోతే వాడుకోడానికి లేదు."

ఫోను పెట్టేశాక ఆ మాట ఆమె చెవుల్లో చాలాసేపు తీయగా ఉండిపోయింది. రాసి తీరాలి. ఈ అవెల్యావ్ పిల్ల కూడా రాస్తుంది. రోజుకొకటి కాకపోయినా వారానికో ఉత్తరం వస్తుంది. తను వెంటనే జవాబివ్వదు, రెండు రోజులు ఆగి ఇస్తుంది, పెద్దమనిషి తరహాగా. మీ పిల్లలెందరు, మీ ఒడ్డు ఎలాంటిది అని అడుగుతుంది. వాళ్ళు మళ్ళీ రాస్తారు. నన్నడిగితే ఇందులో తప్పేం లేదు. ఆకలేసినవాడు అన్నం గురించి ఆలోచించడం తప్పెలా అవుతుంది?

అయితే ఆ సంగతి మొహం మీదే చెప్పి రావాలనిపించింది. రెండో భాగాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, చర్చికి వేసుకునే కోటు వేసుకుని, ఎరిబెర్తో తర్వాతి ప్రయాణంలో పడవెక్కింది.

"యుద్ధానికి వెళ్తున్నట్టున్నారు," అన్నాడు అతను.

"నీ పని నువ్వు చూసుకో."

అవెల్యావ్ చేరేసరికి ఆటు అడుగంటింది. ఎరిబెర్తో ఆమెని నీళ్ళ అంచున దింపి, పోటు మొదలవగానే వచ్చేయాలి, ఆలస్యమైతే రేపటిదాకా ఇక్కడే అని హెచ్చరించాడు. రాళ్ళ మీద జారుతూ నడిచి వెళ్తుంటే పిల్లలు కనిపించారు. ఐదుగురు. రబ్బరు బూట్లు, చేతుల్లో కాయితాలు. అందరికన్నా దూరంగా ఒక పిల్ల గొంతుక్కూర్చుని కంకరలో ఉన్న చిన్న కన్నంలో ఉప్పు పోస్తోంది.

దెల్మీరా ఆగింది. తన పాఠంలో ఉప్పు లేదు. కన్నం పక్కన మడమతో నొక్కు, నీళ్ళు చిమ్ముతాయి, అక్కడ తవ్వు, అని ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"హుష్. వస్తుంది ఉండండి," అంది ఆ పిల్ల తలెత్తకుండానే.

కన్నంలోంచి నీటి బుడగలొచ్చాయి, ఆ వెనకే కత్తిపిడిలా పొడుగ్గా ఉన్న గుల్ల ఒకటి నెమ్మదిగా తనంతట తనే పైకి లేచింది. పిల్ల దాన్ని ఒడుపుగా పట్టి లాగింది.

"పుస్తకంలో అలా లేదే," అంది దెల్మీరా. అని నాలిక కరుచుకుంది.

"పుస్తకంలో తప్పు. అంటే, పిన్ని వాళ్ళ ఒడ్డున అది రైటే. వాళ్ళది ఇసక. మాది కంకర. ఎంత నొక్కినా చిమ్మదు. అందుకని మేం మార్చేశాం. చూడండి." కవర్లోని కాయితం చూపించింది. దెల్మీరా రాసిన వాక్యం మీద అడ్డంగా గీత, పక్కన పిల్లల చేతిరాత, ఉప్పు పొట్లం బొమ్మ. ఆ బొమ్మ బావుంది.

మా బడుల్లో టీచరుని పిన్నీ అనే పిలుస్తారు. ఏ పిన్ని గురించి చెబుతోందో దెల్మీరాకి అర్థమైంది, అయినా అడిగింది. "ఎవరా పిన్ని?"

"పుస్తకం పిన్ని. దెల్మీరా. చచ్చిపోయింది పాపం."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. పుస్తకాల మీద పేరున్నవాళ్ళందరూ చచ్చిపోయినవాళ్ళేగా."

ఇంకో పిల్లాడు దగ్గరికి వచ్చి, "మునిగిపోయింది. పడవ తిరగబడి," అని తనకు తెలిసిన వివరం కలిపాడు. ఒడ్డున పెరిగిన పిల్లలు మనుషుల్ని చంపాలంటే నీళ్ళలోనే చంపుతారు. దెల్మీరాకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ జలదరించింది. నేనే ఆ పిన్నినని చెప్పడానికి నోరు రాలేదు. ఈలోగా మరీసెల్ బడి మెట్ల దగ్గర్నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. పడవ దగ్గర్నుంచి ఎరిబెర్తో అరుస్తున్నాడు, "పుల్కాయ్ టీచరమ్మండీ, దెల్మీరా చిగ్వాయ్!" అని. పిల్లలు ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి వేశారు.

బడి వంటింట్లో అందరికీ ఒకే బల్ల. వంటామె గుల్లల చారు, బంగాళాదుంప రొట్టెలు పెట్టి వెళ్ళింది. పిల్లలు చెంచాలు పట్టుకుని కూర్చున్నారు గాని ఒక్కరూ తినడం లేదు, చచ్చి బతికిన మనిషిని గుడ్లప్పగించి చూస్తున్నారు. మరీసెల్ మొహం చారుకన్నా ఎర్రగా ఉంది.

"నేనలా చెప్పలేదు టీచరమ్మా. ఒట్టు. మీరున్నారని నాకు తెలుసు."

"తెలుసా? తెలిసీ ఏడాదిపాటు ఒక్క ముక్క రాయలేదన్నమాట."

"రాద్దామనే అనుకున్నాను. ఎన్నోసార్లు మొదలెట్టాను. మొదటి పేజీ తెరిస్తే అడగక్కర్లేదని మీరే అన్నారు. అడగడానికేం లేనప్పుడు ఏ వంక పెట్టుకుని రాయను? మీరూ దీవి మనిషే కదా. పనేం లేకుండా ఒకరి గడప ఎలా తొక్కుతాం? నాకు సిగ్గేసింది."

జవాబు లేనప్పుడు మనిషికి కోపమే గతి. పెన్‌డ్రైవ్ తీసి దెల్మీరా బల్ల మీద పెట్టింది.

"రెండో భాగం రాశాను. శీతాకాలం పాఠాలు. దీనికి మాత్రం అడగాలి. ఇకమీదట ఎవరైనా సరే, అడిగితేనే."

మరీసెల్ గభాల్న లేచి నిలబడింది. తలకున్న ఉన్ని టోపీ తీసి రెండు చేతుల్తో పట్టుకుంది. పిల్లలకీ సైగ చేసింది, వాళ్ళూ బెంచీ చప్పుడు చేస్తూ లేచారు.

"సెన్యోరా దెల్మీరా చిగ్వాయ్ గారూ, మిమ్మల్ని వేడుకోడానికి వచ్చాను," అంది. తన బడిలో తనే నిలబడి వచ్చానంటోంది, వేడుకునేవాళ్ళు అవతలివాళ్ళ ఇంటికి కదా వెళ్ళాలి. "మీ పుస్తకం మా పిల్లల కోసం ఇవ్వమని, ఏడాదిగా అడక్కుండా వాడుకున్నందుకు మనసులో పెట్టుకోవద్దని వేడుకుంటున్నాను."

ఇన్నాళ్ళూ దెల్మీరా కోరుకున్నది ఇదే. అక్షరం పొల్లుపోకుండా దొరికింది. దొరికాక చూస్తే అందులో ఏమీ లేదు. ఈ పిల్ల తన దగ్గరికి రాలేదు, తను వచ్చి మెడలు వంచితే వంగింది. చారు చల్లారిపోతోంది. టోపీలు తీసిన ఐదు చిన్న తలలు తనవైపే చూస్తున్నాయి, చూపుల్లో భయం తప్ప ఇంకేం లేదు.

ఒడ్డున ఉప్పు పోసిన పిల్ల చెయ్యెత్తింది. పేరు రయెన్ అని అప్పటికి తెలిసింది.

"పిన్నీ, మరి మేం మార్చిందంతా చెరిపెయ్యాలా?"

"దేన్ని?"

"ఉప్పుది. అడక్కుండా మార్చాం కదా. రబ్బరుతో చెరిపితే పోదు, పెన్నుతో రాశాం." ఏడుపు ఆపుకుంటోంది.

దెల్మీరాకి తన ఉత్తరాల పెట్టె కళ్ళముందు మెదిలింది. రాసి తీరాల్సిన ఉత్తరాలు, ఇలాంటి పిల్లలు భయపడుతూ రాసినవి. రెండు రోజులు ఆగి జవాబిచ్చే పెద్దమనిషి. ఆ రెండు రోజులూ కంకరలో ఉప్పు పొట్లం పట్టుకుని ఎదురుచూస్తూ ఒక పిల్ల. ఆటు ఎవరి అనుమతి కోసమూ ఆగదు. ఆ ఉత్తరాలు కావాలి ఆమెకి. ఎంత కావాలంటే, ఇప్పటికీ నోరు తెరిచి కాదనడం కష్టమయింది.

"చెరపకు," అంది చివరికి. "కూర్చోండి అందరూ. చారు తాగండి. చల్లారితే నీచువాసన వస్తుంది."

పెన్‌డ్రైవ్‌ని బల్ల మీద మరీసెల్ వైపుకి తోసింది.

"మరి దీనికి అడగాలన్నారు..."

"వద్దులే. ప్రతివాళ్ళకీ జవాబులు రాస్తూ కూర్చోవడం నాకు బద్ధకం. మొదటిదానిలాగే ఇదీ. కట్టెల పాఠంలో మీ దగ్గర దొరికే కట్టెలు పెట్టుకోండి. పీత బొమ్మ ఇందులోనూ ఉంది, ఎవరైనా బాగా వేసేవాళ్ళుంటే మార్చండి."

పిల్లలు తినడం మొదలుపెట్టారు. కాసేపటికి వాళ్ళ భయం పోయింది, ఆ వెంటే ఆమె మీది ఆసక్తీ పోయింది. మునిగిపోని మనిషితో చెప్పుకోడానికి పెద్దగా ఏముంటుంది? ఎవరి గుల్ల పొడుగో కొట్టుకుంటూ బయటికి పరుగెత్తారు. మరీసెల్ కిటికీలోంచి వాళ్ళని కేకేస్తూ, ఈమెకి మర్యాద చేస్తూ, రెండిటి మధ్య నలిగింది. ఎరిబెర్తో ఈల వేశాడు. నీళ్ళు తిరిగొస్తున్నాయి.

"మళ్ళీ తప్పకుండా రండి టీచరమ్మా," అంది మరీసెల్ మెట్ల దగ్గర. మనసారా అంది. మా దీవుల్లో అందరికీ అంటారు ఆ మాట. ఫలానా రోజు రండి అంటే అది పిలుపు. రోజు చెప్పకపోతే వీడ్కోలు. దెల్మీరాకి ఆ తేడా తెలుసు, మరీసెల్‌కి ఇప్పుడు మళ్ళీ పరుగెత్తాల్సిన పిల్లలున్నారని కూడా తెలుసు.

పడవ సగం దూరం వచ్చేదాకా ఎరిబెర్తో నోరు కట్టుకుని ఉన్నాడు. అతనికి అది రికార్డు.

"తిట్టారా?"

"తిట్టాను."

"పుస్తకం ఇవ్వనని చెప్పారా?"

"ఇచ్చొచ్చాను."

"అడిగితేనే ఇచ్చారు కదా?"

"అడిగింది. అయినా ఊరికే ఇచ్చాను."

"అయితే మళ్ళీ ఎవరూ రారు టీచరమ్మా," అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు. ఆమె కోటు కాలర్ పైకి లాక్కుని, నీళ్ళు పడుతున్నాయి, అటు తిప్పి నడుపు అంది.

ఎరిబెర్తో అన్నట్టే అయింది. రెండో భాగం కూడా తెరిచిన తలుపుతోనే వెబ్‌లోకి వెళ్ళింది. అంకె పెరిగింది. ఉత్తరాల పెట్టెలో మార్పు లేదు. వానలు పట్టుకున్నాయి.

కొన్ని వారాలకి అవెల్యావ్ బడి తమ పుస్తకాన్ని కూడా వెబ్‌లో పెట్టింది. పెట్టామని ఎవరూ చెప్పలేదు. వెతుకుతుంటే కనిపించింది. దెల్మీరా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది. కట్టెలు మారాయి. లెక్కల్లో పడవల పేర్లు మారాయి. పీత మారింది, కాళ్ళు నిజంగా నడుస్తున్నట్టున్నాయి. ఉప్పు పాఠం మూడు పేజీలయింది. మాట పడినదానిలా ముడుచుకుని కొంతసేపు కూర్చుంది. ఆ తర్వాత వంటింట్లోంచి ఉప్పు డబ్బా తీసుకుని, వానలోనే ఒడ్డుకి నడిచింది. పుల్కాయ్ ఒడ్డంతా ఇసకే, అయితే వాగు కలిసే మూలన కొంచెం కంకర ఉంది. అక్కడ ఏమీ దొరకదని ఎన్ని తరాల పిల్లలకి చెప్పిందో. కన్నం వెతికి ఉప్పు పోసింది. బుడగలొచ్చాయి. పొడుగాటి గుల్ల ఒకటి పైకి లేచి, ఆమె బూటు పక్కన నిటారుగా నిలబడింది.

"వచ్చింది!" అంది దెల్మీరా గట్టిగా. చూపించడానికి పక్కన ఎవరూ లేరు. పట్టుకోకుండా చూస్తూ ఉంది. అది మళ్ళీ లోపలికి పోయింది.

మధ్యాహ్నం బడిలో పొయ్యి ముందు కోటు ఆరేసి ఆ మూడు పేజీల్ని తన పుస్తకంలోకి తెచ్చుకుంది. తనూ ఎవరినీ అడగలేదు. లైసెన్సు అందరికీ ఒకటే. పేర్లు మాత్రం పెట్టాలి, అది నియమం. అవెల్యావ్ పుస్తకం చివర పిల్లలు తమ పేర్లు ఎవరికి తోచినట్టు వాళ్ళు చిందరవందరగా రాసుకున్నారు. దెల్మీరా వాటిని తన పుస్తకంలో, తన పేరు కింద, ఇంటిపేరు ముందు పెట్టి, ఇంటిపేర్ల వరసలో ఒకదాని కింద ఒకటి పేర్చింది. అలా పేర్చమని ఏ లైసెన్సూ చెప్పలేదు. చెయ్యి హాజరుపట్టీ అలవాటు కొద్దీ అలా పేర్చింది. తప్పులేమైనా పడ్డాయేమోనని పైకి చదివింది.

"చోదిల్, మైతే."

చదివి ఆగింది. ఒక పిల్ల బల్ల వెనకాల నుంచి లేచి పలకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగింది. బడి కప్పు మీద వాన పడుతోంది. తను ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది ఆమెకి. తెలిశాక కూడా రెండో పేరు ముందుకన్నా గట్టిగానే చదివింది.

"లెపీయో, రయెన్."

ఆగింది.

"నౌతో, ఐలిన్. ఒయార్సో, ఫకుందో." ఈ ఇద్దరినీ కలిపి చదివేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఎవరి వంతు వాళ్ళకి ఇచ్చింది. "రాయిన్, బస్తియాన్," మునిగిపోయిందన్న కుర్రాడు వీడే అయ్యుంటాడు. వాడి కోసం తలెత్తి వెనక బెంచీ వైపు చూసింది.

ఎవరూ పలకలేదు. ఆమె ఎవరికీ గైర్హాజరు వేయలేదు.